గుండె ఆగినప్పటి ఈసీజీ గీత ఎంతవరకు జోస్యం చెప్పగలదు?

తర్వాత చదివేవాళ్ల కోసం ముందుగా ప్రశ్న క్లుప్తంగా చెబుతాను. అడిగినావిడ మామయ్యకు 56 ఏళ్లు. రాత్రి భోజనం చేసి లేస్తూ కుప్పకూలిపోయారు. ఆఫీసులో నేర్పిన సీపీఆర్ గుర్తుండటంతో కొడుకు వెంటనే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాడు. అంబులెన్స్ వచ్చి షాక్ ఇచ్చింది. మూడో షాక్‌కి గుండె మళ్లీ కొట్టుకుంది. ఇప్పుడు ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉన్నారు, ఇది రెండో రోజు. డ్యూటీ డాక్టర్ "ఫస్ట్ రిథమ్ వీఎఫ్ కాబట్టి హోప్ ఉందమ్మా" అన్నారట (ఫస్ట్ రిథమ్ అంటే మానిటర్ మీద మొదట కనబడ్డ గుండె లయ; వీఎఫ్ ఏమిటో కింద చెబుతాను). ఈవిడ కేస్ షీట్‌కి అంటించిన ఈసీజీ స్ట్రిప్‌ని ఫొటో తీసుకుని రెండు ప్రశ్నలు అడిగారు. ఆ వంకర గీతలో నిజంగా అంత సంగతి ఉందా? తను డేటా సైన్స్‌లో పనిచేస్తారు కాబట్టి, ఇలాంటి గీతల్ని ఒక మోడల్‌కి ఇస్తే ఎవరు బతుకుతారో ముందే చెప్పలేదా?

నాది అనెస్థీషియా, క్రిటికల్ కేర్. కోడ్ బ్లూ, అంటే ఆస్పత్రిలో ఎవరికో గుండె ఆగిందన్న పిలుపు వస్తే పరుగెత్తే ఉద్యోగం. నా సమాధానం ముందే చెప్పేస్తాను. ఆ గీత గుండె కండరం ఏ స్థితిలో ఉందో బాగానే చెబుతుంది. తర్వాత ఇచ్చే షాక్ పనిచేస్తుందా లేదా అన్నది కూడా ఒక మోస్తరుగా చెబుతుంది. మనిషి లేచి, మిమ్మల్ని గుర్తుపట్టి, ఇంటికి నడిచి వెళ్తాడా అన్నది మాత్రం దాన్ని చూసి చెప్పలేం. ఎందుకంటే అది మెదడుకు సంబంధించిన ప్రశ్న, మెదడు సంగతి ఈసీజీలో కనబడదు.

ఇప్పుడు వివరంగా.

గుండె ఆగినప్పుడు మానిటర్ మీద కనిపించేవి నాలుగే నాలుగు. ఒకటి వీఎఫ్, అంటే వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్. కండరంలో ప్రతి ముక్కా దాని ఇష్టం వచ్చినట్టు వణుకుతుంటుంది, రక్తం ఒక్క చుక్క ముందుకు పోదు. రెండోది నాడి లేని వీటీ, అంటే వెంట్రిక్యులర్ టాకీకార్డియా, గుండె కింది గదులు నాడి పుట్టించలేనంత వేగంగా కొట్టుకోవడం. ఈ రెంటికీ షాక్ పనిచేస్తుంది. మూడోది పీఈఏ, అంటే పల్స్‌లెస్ ఎలక్ట్రికల్ యాక్టివిటీ. గీత చూస్తే మామూలు ఈసీజీలా ఉంటుంది, మెడ మీద వేలు పెడితే నాడి దొరకదు. నాలుగోది అసిస్టోల్, అందరూ ఫ్లాట్ లైన్ అనేది. ఈ చివరి రెంటికీ షాక్ ఇచ్చి లాభం లేదు. సినిమాల్లో సరిగ్గా ఫ్లాట్ లైన్ రాగానే ప్యాడిల్స్ రుద్ది "క్లియర్" అంటారు చూడండి, అది అంతా ఉత్తిదే. పడిపోయిన గీతను షాక్ లేపదు. షాక్ చేసే పని ఏమిటంటే, వణుకుతున్న కండరాన్ని మొత్తంగా ఒక్కసారి ఆపడం. ఆపితే, గుండెలో సహజంగా ఉండే పేస్‌మేకర్ మళ్లీ పగ్గాలు అందుకుంటుందని ఆశ. వణుకే లేకపోతే ఆపడానికి ఏముంది?

మీ డ్యూటీ డాక్టర్ మాట ఉత్త ఓదార్పు కాదు. అమెరికా ఆస్పత్రుల రిజిస్ట్రీలోని 51 వేలకు పైగా కేసుల లెక్క 2010లో వచ్చింది. అవి ఆస్పత్రిలో ఉండగా గుండె ఆగినవాళ్ల కేసులు. మొదటి రిథమ్ వీఎఫ్ గానీ వీటీ గానీ అయినవాళ్లలో 37 శాతం మంది డిశ్చార్జ్ దాకా బతికారు. పీఈఏ అయితే 12 శాతం, అసిస్టోల్ అయితే 11. అంటే దాదాపు మూడు రెట్ల తేడా. ఇలాంటి తేడా వల్లే కేస్ షీట్‌లో "ఫస్ట్ రిథమ్" అని ప్రత్యేకంగా రాస్తారు.

అదే లెక్కలో ఇంకో ముక్క ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. మొదట ఫ్లాట్ లైన్ లేదా పీఈఏ ఉండి, సీపీఆర్ మధ్యలో వీఎఫ్ వచ్చినవాళ్ల సంగతి. "హమ్మయ్య, షాక్ ఇచ్చే రిథమ్ వచ్చింది" అనుకుంటాం కదా. వాళ్లలో బతికినవాళ్లు, అసలు వీఎఫ్ రానివాళ్ల కంటే కూడా తక్కువే. వీఎఫ్ అనే పేరు ఒకటే, మొదటి నిమిషంలో కనబడటం వేరు, ఇరవయ్యో నిమిషంలో కనబడటం వేరు. కాబట్టి రిథమ్ పేరు ఒక్కటే పట్టుకుని లెక్క కట్టకూడదు.

అసలు వీఎఫ్ ఎందుకు మంచి శకునం? నా దృష్టిలో సగం కారణం కాలమే. వీఎఫ్ నిలవ ఉండేది కాదు. కండరంలో ఉన్న శక్తి ఖర్చవుతున్న కొద్దీ అలల ఎత్తు తగ్గి, సన్నబడి, చివరికి గీత పడిపోతుంది. కాబట్టి అంబులెన్స్ వచ్చేసరికి ఇంకా వీఎఫ్ ఉందంటే, మనిషి కూలి ఎక్కువసేపు కాలేదనో, ఈలోగా ఎవరో ఛాతీ నొక్కుతూ ఉన్నారనో అర్థం. ఫ్లాట్ లైన్ కనబడ్డ చాలామందిలో పది పదిహేను నిమిషాల ముందు చూసి ఉంటే వీఎఫ్ కనబడి ఉండేదేమో. గీత రోగం గురించి చెబుతున్నట్టు కనబడుతూ, ఎంతసేపయిందో కూడా చెబుతుందన్నమాట. సీపీఆర్, షాక్ రెండూ లేకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం దాకా తగ్గుతుందని ఏసీఎల్ఎస్ (గుండె ఆగినప్పుడు చేయాల్సిన చికిత్స నేర్పే) క్లాసుల్లో చెప్పేది ఇందుకే.

కాలం ఎంత పనిచేస్తుందో చూడాలంటే అమెరికా కాసినోల కథ కన్నా మంచి ఉదాహరణ నాకు తెలీదు. అక్కడి సెక్యూరిటీ సిబ్బందికి ఏఈడీ (డాక్టర్ కానివాళ్లూ వాడగల షాక్ యంత్రం) వాడటం నేర్పించారు. కాసినోల్లో అడుగడుగునా కెమెరాలు ఉంటాయి కాబట్టి మనిషి ఎప్పుడు పడ్డాడు, షాక్ ఎప్పుడు అందింది అన్నది అంచనా మీద ఆధారపడకుండా తేలింది. 2000లో ఫలితాలు వచ్చాయి. వీఎఫ్ ఉన్న 105 మందిలో 53 శాతం ఇంటికి వెళ్లారు. ఎవరో చూస్తుండగా పడిపోయి, 3 నిమిషాల లోపు షాక్ అందినవాళ్లలో అది 74 శాతం, 3 నిమిషాలు దాటితే 49 శాతం. అందరికీ రిథమ్ ఒకటే వీఎఫ్. తేడా అంతా నిమిషాల్లో ఉంది. మన ఇళ్లల్లో మనిషి కూలిన టైమ్ ఎవరికీ సరిగ్గా గుర్తుండదు, ఆ గాభరాలో గుర్తుండమనడం కూడా అన్యాయమే. అందుకే కేస్ షీట్లో "సుమారు" అని పడుతుంది. మీ మోడల్ విషయానికి వచ్చినప్పుడు ఈ "సుమారు" మళ్లీ అడ్డం వస్తుంది, గుర్తు పెట్టుకోండి.

పీఈఏ గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఇక్కడ గీత ఇచ్చే సమాచారం వేరే రకం. బోరు మోటారు ఆన్ చేస్తే తిరుగుతున్న చప్పుడు వస్తుంది, పైపులో నీళ్లు రావు. అప్పుడు మీరు ఏం ఆలోచిస్తారు? బోరులో నీళ్లు అడుగంటాయా, పైపు ఎక్కడైనా పూడుకుపోయిందా, లేక మోటారే కాలిపోయే దశలో ఉందా అని. పీఈఏలో మేం అడిగేవీ అవే. ఒంట్లో రక్తం పోయిందా, ఊపిరితిత్తుల ధమనిలో గడ్డ అడ్డం పడిందా, గుండె చుట్టూ నీరు చేరి నొక్కేస్తోందా, ఛాతీలో గాలి బిగిసిందా. గీతలో క్యూఆర్ఎస్ (గుండె కింది గదుల కరెంటు వేసే నిటారు అల) సన్నగా, వేగంగా ఉంటే ఇలాంటి మెకానికల్ కారణాల వైపు చూస్తాం. కరెంటు బాగానే ఉంది, అడ్డం వేరే చోట ఉంది. అదే క్యూఆర్ఎస్ వెడల్పుగా, మందంగా సాగుతుంటే పొటాషియం పెరగడం, కొన్ని మందుల విషం, లేదా కండరమే దెబ్బతినడం లాంటివి అనుమానిస్తాం. డయాలిసిస్ పేషెంట్‌లో వెడల్పాటి పీఈఏ కనబడితే కాల్షియం గ్లూకోనేట్ ఆంప్యూల్ కోసం చెయ్యి దానంతటదే వెళ్తుంది, ల్యాబ్ రిపోర్ట్ కోసం ఆగం. ఇది నూటికి నూరుపాళ్లు కచ్చితమైన పద్ధతి కాదు, ఎక్కడ వెతకాలో చెబుతుంది, అంతే. దీన్ని తేల్చడానికి ఇప్పుడు ఎకో ప్రోబ్ (గుండెను తెర మీద చూపే అల్ట్రాసౌండ్) ఉంది. 2016లో వచ్చిన ఒక పరిశీలనలో, పీఈఏ, అసిస్టోల్ ఉన్న 793 మందికి అల్ట్రాసౌండ్ పెట్టి చూశారు. తెర మీద గుండె కదలిక కనబడినవాళ్లకే బతికే అవకాశం ఎక్కువ ఉంది. అంటే గీత ఒకటే అయినా, దాని వెనక కండరం కదులుతోందా లేదా అన్నది గీత చెప్పలేకపోయింది.

ఫ్లాట్ లైన్ సంగతి రెండు ముక్కల్లో. కనబడగానే ముందు చూడాల్సింది కేబుల్. లీడ్ (ఒంటికి అంటించిన వైరు) ఊడిందా, గెయిన్ (గీతను పెద్దది చేసి చూపే సెట్టింగ్) తగ్గించి ఉందా, వేరే లీడ్‌లో కూడా ఇలాగే ఉందా. సరళరేఖ మరీ స్కేలు పెట్టి గీసినట్టు ఉంటే వైరు ఊడిందేమోనని అనుమానించాలి. నిజమైన అసిస్టోల్ కొంచెం అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది.

ఇక మీకు అసలు ఆసక్తి ఉన్న భాగం, వీఎఫ్ గీతను లెక్కల్లోకి మార్చడం.

మీరు తీసిన ఫొటో దగ్గరికి జూమ్ చేసి చూడండి. కాగితం అడుగున 25 మి.మీ/సె, 10 మి.మీ/మి.వో అని చిన్న అక్షరాలు ఉంటాయి. అంటే ఒక చిన్న గడి అడ్డంగా 0.04 సెకను, నిలువుగా 0.1 మిల్లీవోల్ట్. మొదటి షాక్ ముందున్న అలల్ని చూడండి. ఐదారు గడులు, పది గడులు లేస్తున్నాయా, లేక గీత కాస్త చెమర్చినట్టు ఒకటి రెండు గడుల్లోనే ఊగుతోందా? మొదటిదాన్ని కోర్స్ వీఎఫ్ అంటాం, రెండోదాన్ని ఫైన్ వీఎఫ్. సియాటిల్ డాక్టర్లు 1985లోనే ప్రచురించారు, అల ఎత్తు ఎక్కువున్నవాళ్లే ఎక్కువ మంది బతుకుతున్నారని. ఐతే ఎత్తు నమ్మదగిన కొలత కాదు. ప్యాడ్ ఎక్కడ అంటించారు, మనిషి ఎంత లావు, చర్మం తడిగా ఉందా, మెషీన్ గెయిన్ ఎంత, వీటన్నిటితోనూ మారిపోతుంది.

అందుకని ఎత్తుతో పాటు వేగాన్ని కూడా కలిపారు. ఆరోగ్యంగా ఉన్న కండరం పెద్దగానూ, వేగంగానూ వణుకుతుంది. అలసిపోయిన కండరం చిన్నగా, నెమ్మదిగా. కాలిఫోర్నియాలో మ్యాక్స్ హ్యారీ వెయిల్ బృందం ముందుకు తెచ్చిన ఆమ్సా అనే కొలత ఈ ఆలోచన మీదే నిలబడింది. పూర్తి పేరు ఆంప్లిట్యూడ్ స్పెక్ట్రమ్ ఏరియా. మీకు సులువుగానే అర్థమవుతుంది. షాక్‌కి ముందున్న ఒకటి రెండు సెకన్ల సిగ్నల్ తీసుకుని ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్ చేస్తారు. ప్రతి ఫ్రీక్వెన్సీ దగ్గరున్న ఆంప్లిట్యూడ్‌ని ఆ ఫ్రీక్వెన్సీతో గుణించి మొత్తం కూడతారు. వచ్చేది మిల్లీవోల్ట్-హెర్ట్జ్‌లో ఒక్క అంకె. లెక్కను మరీ సున్నా దగ్గర్నుంచి మొదలుపెట్టరు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు ఛాతీ నొక్కితే అది దాదాపు 2 హెర్ట్జ్ కదా. నొక్కుళ్ల వల్ల పుట్టే అల గుండె అలతో కలిసిపోయి లెక్క పాడుచేస్తుంది, అందుకే కింది కొస కోసేస్తారు. కోసినా హార్మోనిక్స్ (దానికి రెండింతలు, మూడింతల ఫ్రీక్వెన్సీలో వచ్చే అలలు) కొంత మిగులుతాయి, అది వేరే తలనొప్పి.

దీని మీద వచ్చిన పరిశీలనల్లో పెద్దవాటిలో ఒకటి ఇటలీలోని లొంబార్డీది, 2015లో వచ్చింది. ఏఈడీల్లో రికార్డయిన 1617 మంది గీతలు చూశారు. ఆమ్సా 15.5 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే షాక్ పనిచేసే అవకాశం బాగా ఎక్కువ. 6.5 లేదా అంతకన్నా తక్కువ ఉంటే షాక్ దాదాపుగా వృథా. మధ్యలో ఉన్నవాళ్ల సంగతి అటూ ఇటూ. అంటే షాక్ ఇచ్చే ముందే, ఇవ్వాలా, ఇంకాస్త ఛాతీ నొక్కి తర్వాత ఇవ్వాలా అని యంత్రం సలహా చెప్పగలదన్న ఆశ పుట్టింది.

నన్ను అడిగితే ఈ మొత్తం విషయంలో అన్నిటికన్నా విలువైన సంగతి అంతకుముందే, 2002లో నార్వే నుంచి వచ్చింది. ట్రిగ్వే ఎఫ్టెస్టోల్ మీలాగే సిగ్నల్స్, లెక్కల మనిషి. షాక్ పనిచేసే అవకాశాన్ని గీత నుంచి లెక్కగట్టి, ఛాతీ నొక్కడం ఆపినప్పుడు ఆ అంకె ఏమవుతుందో సెకను సెకనుకీ చూశారు. పట్టుమని 20 సెకన్లు ఆపేసరికి, బాగున్నవాళ్లలో కూడా అది ఘోరంగా పడిపోయింది. మళ్లీ నొక్కడం మొదలుపెడితే గీత కోలుకుంటుందని ఆ తర్వాత చూపించారు. అంటే ఈ గీత మనిషి నుదుట రాసిన రాత లాంటిదేమీ కాదు, మన చేతుల పనిని బట్టి నిమిషనిమిషానికీ మారే అంకె. మీ బావగారో మరిదిగారో ఆ రాత్రి చేసింది అదే. అంబులెన్స్ వచ్చేసరికి షాక్‌కి లొంగే వీఎఫ్ మిగిలి ఉందంటే అందులో ఆ అబ్బాయి అరచేతుల వాటా చాలా ఉంది. ఇంట్లో ఎవరైనా "ఇంకా ముందే అంబులెన్స్ పిలవాల్సింది" అని అతన్ని అంటుంటే ఈ ముక్క వాళ్లకు చూపించండి.

మరి ఇంత బాగా అంచనా వేసే ఇలాంటి అంకెల్ని ఆస్పత్రుల్లో ఎందుకు వాడటం లేదు? వాడి చూశారు. 2013లో ఒక అంతర్జాతీయ ట్రయల్ ఫలితం వచ్చింది. వీఎఫ్ ఉన్న 987 మందిలో, ఒక గుంపుకు ఎప్పటిలాగే ముందు షాక్. రెండో గుంపులో డిఫిబ్రిలేటరే (షాక్ ఇచ్చే యంత్రమే) గీతను చదివి, బాగుంటే వెంటనే షాక్, బాగాలేకపోతే ముందు సీపీఆర్ అని నిర్ణయించింది. డిశ్చార్జ్ దాకా బతికినవాళ్లలో చెప్పుకోదగ్గ తేడా లేదు. దానికి రెండేళ్ల ముందు, 2011లో, దాదాపు 10 వేల మందితో ఉత్తర అమెరికాలో చేసిన ఇంకో ట్రయల్ ఫలితం వచ్చింది. అందులో గీత ఆకారాన్ని పట్టించుకోకుండా, రిథమ్ చూసే ముందు అరనిమిషం, నిమిషం నొక్కితే చాలా, లేక 3 నిమిషాలు నొక్కాలా అని చూశారు. మంచి స్థితిలో ఇంటికి వెళ్లినవాళ్లు రెండు గుంపుల్లోనూ 5.9 శాతమే.

దీనికి నాకు తోచిన కారణం ఇది. ఆమ్సా లాంటి అంకె బాగా అంచనా వేసేది షాక్ ఫలితాన్ని. షాక్ ఫలితానికీ, ఇంటికి నడిచి వెళ్లడానికీ మధ్య చాలా దూరం ఉంది. మూసుకుపోయిన రక్తనాళం, పడిపోయే బీపీ, కిడ్నీ, ఇన్‌ఫెక్షన్, అన్నిటికన్నా మించి మెదడు. పైగా గీత బాగాలేనివాళ్లకు మనం వేరేగా చేయగలిగింది ఏముంది? ఇంకాస్త బాగా నొక్కడం. అది అందరికీ ఎలాగూ చేయాల్సిందే. అంచనా ఎంత గొప్పదైనా, దాని తర్వాత చేసే పని మారకపోతే ఫలితం మారదు. పని మార్చి చూసిన ట్రయల్ ఒకటి ఉంది, కెనడాలోని ఒంటారియోలో చేసింది, 2022లో ఫలితం వచ్చింది. మూడు షాకులకూ లొంగని వీఎఫ్ ఉన్న 405 మందిలో మామూలు పద్ధతిలోనే షాకులు కొనసాగిస్తే 13.3 శాతం బతికారు. ప్యాడ్లను ఛాతీ ముందు ఒకటి, వీపు వెనక ఒకటి వచ్చేలా మారిస్తే 21.7. రెండు డిఫిబ్రిలేటర్లతో వెంటవెంటనే ఇస్తే 30.4. ఏ ఆల్గారిథమూ అక్కర్లేకుండా, ప్యాడ్ చోటు మార్చినందుకే 13.3 నుంచి 21.7 దాకా తేడా. దానికి ఖర్చు ఒక సెట్ కొత్త ప్యాడ్స్.

మీ మోడల్ సంగతికి వస్తాను. నిరుత్సాహపరచడానికి చెప్పడం లేదు, ఎక్కడ కాలు జారుతుందో చెబుతున్నాను.

మొదటిది లేబుల్. దేన్ని అంచనా వేస్తున్నారు? షాక్‌కి వీఎఫ్ ఆగడమా, నాడి తిరిగి రావడమా, డిశ్చార్జా, లేక సీపీసీ అనే మెదడు పనితీరు స్కోరు 1 లేదా 2, అంటే తన పనులు తాను చేసుకోగల స్థితా? ఈ నాలుగూ నాలుగు వేర్వేరు ప్రశ్నలు. చాలా పేపర్లు మొదటిదానికి జవాబు చెప్పి, శీర్షికలో నాలుగోదాన్ని పెట్టుకుంటాయి. ఈ మాటల గందరగోళం చూసే 1990లో నార్వేలో స్తవాంగర్ దగ్గరున్న ఉట్‌స్టైన్ మఠంలో కూర్చుని, గుండె ఆగిన కేసుల్ని అందరూ ఒకే పద్ధతిలో రాయాలని ఒప్పందం చేసుకున్నారు. ఎవరైనా చూస్తుండగా పడ్డారా, సీపీఆర్ ఎవరు మొదలుపెట్టారు, మొదటి రిథమ్ ఏంటి, ఇవన్నీ ఉట్‌స్టైన్ ఫారంలో ఉంటాయి. మీ మోడల్ ఈ నాలుగైదు గడుల కన్నా గీత నుంచి ఎంత ఎక్కువ నేర్చుకుందో చూపించాలి. వయసు, కూలిన టైమ్, సీపీఆర్ ఉందా లేదా అన్నవి పెడితే చాలావరకు అంచనా అక్కడే వచ్చేస్తుంది. ఆ టైమ్ కాలమ్ నిండా "సుమారు"లే ఉంటే, గీత గొప్పదనం ఎంతో, టైమ్ తప్పు ఎంతో విడదీయలేరు.

రెండోది ఇంకా ప్రమాదకరం. గీత బాగాలేదని డాక్టర్లు తొందరగా సీపీఆర్ ఆపేసిన కేసులు మీ డేటాలో ఉంటాయి. మోడల్ వాటిని చూసి "ఇలాంటి గీత ఉంటే చనిపోతారు" అని నేర్చుకుంటుంది. రేపు ఆ మోడల్ మాట విని ఇంకా తొందరగా ఆపేస్తారు. అంచనా తనను తానే నిజం చేసుకుంటుంది. అందుకే ఎవరిని వదిలేయాలో చెప్పే మోడల్ కన్నా, ఈ క్షణంలో షాక్ ఇవ్వాలా ఆగాలా, నొక్కడం సరిగ్గా జరుగుతోందా అని చెప్పే మోడల్ వైపు నా ఓటు. ఆ రెండో రకంలో తప్పు జరిగినా మనిషికి రెండు నిమిషాల్లో మళ్లీ అవకాశం ఉంటుంది.

ఆపాలా వద్దా అన్న నిర్ణయానికి ఇప్పటికీ గీత కన్నా నమ్మకంగా ఉండే అంకె ఒకటుంది, ట్యూబ్ వేశాక ఊపిరిలో బయటికొచ్చే కార్బన్ డయాక్సైడ్. 1997లో పీఈఏ ఉన్న 150 మందిలో చూస్తే, 20 నిమిషాల సీపీఆర్ తర్వాత కూడా అది 10 మి.మీ (పాదరసం పీడనం) దాటనివాళ్లలో ఒక్కరూ బతకలేదు. అది కూడా ఒక్కటే చూసి ఆపకూడదని గైడ్‌లైన్లు చెబుతాయి.

డేటా కావాలంటే ఫిజియోనెట్ అనే వైద్య డేటా సైట్‌లో క్రైటన్ యూనివర్సిటీ వాళ్ల వీఎఫ్, వీటీ రికార్డింగులు 35 ఉన్నాయి, ఒక్కోటి సుమారు 8 నిమిషాలు. వీఎఫ్‌ని గుర్తుపట్టడం ప్రాక్టీస్ చేయడానికి బాగుంటాయి, కానీ వాటి నుంచి బతికిన, చనిపోయిన లెక్క రాదు. ఫలితాలతో సహా కావాలంటే 2023 ఫిజియోనెట్ ఛాలెంజ్‌కి ఇచ్చిన ఐ-కేర్ డేటా చూడండి. గుండె ఆగి, మళ్లీ కొట్టుకుని, కోమాలో ఉన్న 1020 మందిది, అమెరికా, యూరప్‌ల్లోని 7 ఆస్పత్రులది. అందులో 607 మంది రికార్డులు అందరికీ అందుబాటులో పెట్టారు. ఒక సంగతి గమనించండి. ఆ ఛాలెంజ్‌లో ముఖ్యంగా ఇచ్చిన సిగ్నల్ ఈఈజీ, ఈసీజీ పక్కవాద్యమే. కోలుకుంటారా లేదా అని అడిగినప్పుడు ఆ రంగంలోవాళ్లు గుండె గీతను పక్కకు జరిపి మెదడు గీతను తీసుకున్నారు.

ఇక మీ మామయ్య. గుండె తిరిగి కొట్టుకున్నాక తీసిన 12 లీడ్ ఈసీజీ కూడా కేస్ షీట్‌లో ఉంటుంది. దాని మీద టైమ్ చూడండి. నాడి వచ్చిన వెంటనే తీసిన ఈసీజీ గుండెపోటు లేనివాళ్లలో కూడా ఉన్నట్టు చూపించవచ్చు. ఇటలీ, స్విట్జర్లాండ్, ఆస్ట్రియాల్లో 370 మందిని చూసి 2021లో ప్రచురించారు. మొదటి 7 నిమిషాల లోపు తీసినవాటిలో 18.5 శాతం తప్పుడు సంకేతాలు, 8 నుంచి 33 నిమిషాల మధ్య 7.2 శాతం, ఆ తర్వాత 5.8. కాబట్టి మొదటిదానిలో ఒకటి, రెండోదానిలో ఇంకొకటి రాసి ఉంటే ఎవరో తప్పు చేశారని గాభరా పడకండి.

ఇప్పుడు అందరి టెన్షనూ ఆయన కళ్లు తెరుస్తారా అన్నదే కదా. దీనికి జవాబు రెండో రోజు దొరకదు. నాడి వచ్చాక కనీసం 72 గంటలు గడవాలి, మత్తు మందుల ప్రభావం పోయి ఉండాలి, అప్పటికీ స్పృహ రాకపోతేనే అంచనాకు కూర్చోవాలని 2021 యూరప్ గైడ్‌లైన్లు చెబుతాయి. అప్పుడు కూడా ఒక్క పరీక్షతో తేల్చరు. కనుపాపలు, కంటి పొర స్పందిస్తున్నాయా, ఈఈజీ ఎలా ఉంది, చేతి నరానికి కరెంటు ఇస్తే మెదడు దాకా సంకేతం చేరుతోందా, రక్తంలో ఎన్ఎస్ఈ (మెదడు కణాలు దెబ్బతింటే పెరిగే ప్రోటీన్) ఎంత, సీటీ లేదా ఎంఆర్ఐలో ఏముంది, వీటిలో కనీసం రెండు చెడ్డగా ఉంటేనే కోలుకోవడం కష్టమనే మాట అంటారు. లేకపోతే ఇంకా ఆగి చూస్తారు. రేపు రౌండ్స్‌కి వచ్చినప్పుడు డాక్టర్‌ని ఇవి అడగండి: సెడేషన్ ఎప్పుడు ఆపారు లేదా ఎప్పుడు ఆపుతారు, జ్వరం రాకుండా చూస్తున్నారా, ఈఈజీ ప్లాన్ ఉందా, యాంజియో చేశారా చేయాలా. "బతుకుతారా" అని అడిగితే వాళ్లు దాటవేస్తారు, ఇవి అడిగితే కూర్చుని చెబుతారు.

ఇంకో పని మర్చిపోకండి. ఆ స్ట్రిప్ థర్మల్ పేపర్ మీద ఉంటుంది, మన ఎండలకు కొన్ని నెలల్లో వెలిసిపోతుంది. ఆస్పత్రి వాళ్లనడిగి ఇవాళే జిరాక్స్ తీయించుకోండి, ఫొటోలో తేదీ, టైమ్ కనబడేలా ఇంకోసారి తీసుకోండి. ఆయన కోలుకున్నాక, గుండెపోటు లాంటి సరిదిద్దగల కారణం దొరకకపోతే ఐసీడీ (ఒంట్లో అమర్చే చిన్న షాక్ యంత్రం) పెట్టాలా అన్న చర్చ వస్తుంది. అప్పుడు కార్డియాలజిస్ట్ మొదట అడిగేది ఆ స్ట్రిప్‌నే. కారణం వంశపారంపర్యంగా వచ్చేది అని తేలితే, ఆ అబ్బాయికీ, మామయ్య అన్నదమ్ములకూ, అక్కచెల్లెళ్లకూ ఈసీజీ, ఎకో చేయించమంటారు. ఫొటో మాత్రం ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి, పెడితే సాయంత్రానికల్లా పదిమంది పది రిపోర్టులు ఇస్తారు.